గేర్‌బాక్స్ దించే ముందు

సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్ అబిడ్స్ జీపీవో నుంచి నాంపల్లి స్టేషన్ వైపు కార్లు నడవవు, పాకుతాయి. జనవరి 1న ఎగ్జిబిషన్ (నుమాయిష్) మొదలైందంటే ఫిబ్రవరి నడిమి దాకా గాంధీభవన్ చుట్టుపక్కల ఆ పాకడం కూడా కష్టమే. క్లచ్ తొక్కే బాధ తప్పుతుందని జనం ఆటోమేటిక్ కారు కొంటున్నది ఇందుకే. ఆ కారు ఒకరోజు జర్క్ కొడితే వర్క్‌షాపులో తరచూ వినిపించే మాట: "గేర్‌బాక్స్ పోయింది సార్, దించాలె." దించి, విప్పి, బిగించేసరికి బిల్లు లక్షల్లోకి వెళ్లొచ్చు. లోపం ఏమిటో తేలకుండా దించడానికి ఒప్పుకోవద్దని కారున్న ప్రతివారికీ చెప్పాలనిపిస్తుంది. తొందరపడి ఒప్పుకునేలా చేసేవి కొన్ని అపోహలు.

అపోహ: ఆటోమేటిక్‌లన్నీ ఒకటే

2014లో మారుతి సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీ రకం ఆటోమేటిక్ లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ ప్లేటు కూడా ఉంటుంది. మన కాలికి బదులు యాక్చువేటర్ దాన్ని నొక్కుతుంది, అంతే తేడా. ప్లేటు అరిగితే మార్చుకోవాలి. మార్చాక ఆ క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో స్కానర్‌తో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాలి. ఆ పని వదిలేస్తే కొత్త ప్లేటుతోనూ కారు జర్క్ కొడుతుంది, నింద గేర్‌బాక్స్ మీద పడుతుంది. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజిన్ శక్తిని ఆయిల్ అందిస్తుంది కాబట్టి అంగుళం అంగుళం కదిలినా అది తట్టుకుంటుంది. ఏఎంటీలు, రెండు క్లచ్‌లుండే డీసీటీల్లో డ్రై క్లచ్ రకాలు అలా కావు. ముందు కారుకు అతుక్కుని పాకుతూ ఉంటే, ఎక్కుడులో బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్‌తోనే కారును నిలబెడితే క్లచ్ వేడెక్కి కాలుతుంది. కాస్త ఖాళీ రానిచ్చి కదలడం మేలు.

డీసీటీలో వచ్చే ప్రతి లోపానికీ గేర్‌బాక్స్ దించనక్కర్లేదు. 2013 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచమంతటా దాదాపు 16 లక్షల డీసీటీ కార్లను వెనక్కి పిలిచింది. వేడి, తేమ ఎక్కువగా ఉండి, ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిచేచోట గేర్‌బాక్స్‌లోని సింథటిక్ ఆయిల్ వల్ల దాని విద్యుత్ సరఫరా దెబ్బతినొచ్చని తేలింది. ఆ కార్లకు చేసిన రిపేరు, ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోయడం.

అపోహ: ఏ పార్టు పోయిందో స్కానర్ చెప్పేస్తుంది

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. పీ0700 అనే కోడ్ రాగానే గేర్‌బాక్స్ పోయిందనేవాళ్లున్నారు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో లోపం నమోదైందని తెలిపే కబురు మాత్రమే అది. అసలు కోడ్ ఆ కంప్యూటర్‌లో ఉంటుంది. ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చదివే చవక పరికరానికి అది దొరకదు. పీ0715 వచ్చిందనుకోండి, ఇన్‌పుట్ స్పీడ్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపమని అర్థం. సెన్సార్ పోయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, కనెక్టర్‌లోకి నీళ్లు పోయి ఉండొచ్చు. మల్టీమీటర్ పెట్టి చూసిన ఉస్తాద్ మాటే వినాలి. గేరు నిష్పత్తి తప్పిందనే పీ0730 అయితే కారు నడుపుతూ లైవ్ డేటా చూడాలి, ఆయిల్ ప్రెషర్‌ను గేజ్‌తో కొలవాలి. ఇవన్నీ గేర్‌బాక్స్ కారులో ఉండగానే చేయగలిగిన పరీక్షలు.

వీటికన్నా ముందు బ్యాటరీ చూడాలి. ఓల్టేజి పడిపోతే గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ను మళ్లించే సోలినాయిడ్లు సరిగా పనిచేయవు. ఇంజిన్ మౌంట్ చిరిగినా, ఇంజిన్ మిస్ అవుతున్నా వచ్చే కుదుపు అచ్చం గేర్‌బాక్స్ జర్క్‌లాగే ఉంటుంది. గేర్ లివర్ పీ (పార్క్) నుంచి కదలకపోతే బ్రేక్ నొక్కి, వెనుక లైట్లు వెలుగుతున్నాయో లేదో ఎవరినైనా చూడమనండి. వెలగకపోతే బ్రేక్ స్విచ్‌ను అనుమానించాలి, అది చిన్న పార్టు. కారు ఒకే గేరులో ఇరుక్కుపోయి నెమ్మదిగా వెళ్తుంటే, లోపాన్ని పసిగట్టిన కంప్యూటర్ గేర్‌బాక్స్‌ను కాపాడుకుంటోందని అనుకోవచ్చు. ఆ లోపం చిన్న సెన్సార్‌దీ కావొచ్చు.

అపోహ: ఆయిల్ మార్చనక్కర్లేదు, మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది

ఎన్నో కంపెనీలకు గేర్‌బాక్స్‌లు తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్, తన ఆటోమేటిక్‌లకు 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్లకు లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటుంది. మన ఎండలకు, ఈ ట్రాఫిక్‌కు 80 వేల దగ్గరే మార్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. మార్చిన వెంటనే చెడిపోయిన కార్లు లేకపోలేదు. వాటిలో చాలావరకు అప్పటికే స్లిప్ అవుతున్నవి. క్లచ్‌లు అరిగిపోయాక ఎంత మంచి ఆయిల్ పోసినా తిరిగిరావు.

అయితే ఏ ఆయిల్ పడితే అది పోయకూడదు. సీవీటీ రకం ఆటోమేటిక్‌లో స్టీలు బెల్టు పుల్లీలను పట్టుకుని తిరగాలి, ఆ పట్టు కోసమే దాని ఆయిల్‌ను వేరుగా తయారుచేస్తారు. ఎర్రగా ఉంది కదా అని మామూలు ఆటోమేటిక్ ఆయిల్ (ఏటీఎఫ్) పోస్తే బెల్టు జారి పుల్లీలు గీసుకుపోతాయి. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్‌లో ఆయిల్ మట్టాన్ని కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర, చాలా కార్లలో ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. ఆయిల్ మార్చేటప్పుడు పక్కనే నిలబడండి. ప్యాన్ అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంటే మామూలు అరుగుదలే. లోహపు తునకలు కనిపించినా, మాడిన వాసన వచ్చినా గేర్‌బాక్స్ దించాలన్న మాటలో నిజం ఉంటుంది.

అపోహ: రేడియేటర్‌కూ గేర్‌బాక్స్‌కూ సంబంధం లేదు

చాలా కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది. కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోస్తూపోతే లోపల తుప్పు పడుతుంది. కూలర్‌కు చిల్లు పడితే నీళ్లూ ఆయిలూ కలిసి రోజ్‌మిల్క్ రంగుకు తిరుగుతాయి. క్లచ్ ప్లేట్ల లైనింగును అంటించిన జిగురు ఆ నీటికి ఊడిపోతుంది. ఇలాంటప్పుడు కారును ఇంకో కిలోమీటరు కూడా నడపకూడదు.

అపోహ: బండి ఆగిపోతే ఎలా లాక్కెళ్లినా ఫర్వాలేదు

టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో ఆయిల్ పంపు ఇంజిన్‌తో తిరుగుతుంది. ఇంజిన్ ఆగి ఉండగా చక్రాలు తిరిగితే లోపలి భాగాలకు ఆయిల్ అందదు. ముందు చక్రాలతో నడిచే కారును ముందు నుంచి లేపితే ఇబ్బంది లేదు. ఇన్నోవా క్రిస్టాలాంటి వెనుక చక్రాల బండిని అలా లాక్కెళ్తే గేర్‌బాక్స్‌కే ముప్పు. దాన్ని ఫ్లాట్‌బెడ్ లారీ మీదే ఎక్కించాలి. మీ కారు మాన్యువల్‌లో టోయింగ్ గురించి చెప్పిన పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. క్రేన్ వాళ్లకు చూపించడానికి పనికొస్తుంది.