ఊకబొగ్గు కలిపిన ప్లాస్టిక్ పలకలు

తెనాలి ప్రాంతమున ధాన్యపు మిల్లుల యొద్ద ఊకరాశులు చూడనివారుండరు. 100 కిలోల ధాన్యము ఆడించిన సుమారు 20 కిలోల ఊక వచ్చును. రేపల్లె వైపు మాగాణులలో వరి పిమ్మట వేయు మొక్కజొన్న నుండి బెండ్లు మిగులును. ప్రతి ఊరిలోను మరియొక రాశి గలదు. అది ప్లాస్టిక్ చెత్త. 2016 నాటి కేంద్ర నియమములు దాని బాధ్యతను గ్రామపంచాయతీలకును అప్పగించినవి. ఈ రెంటిని కలిపి బల్లలు, పలకలు చేయవచ్చునా యని సభ్యులు అడుగుట సహజమే. చేయవచ్చును. అయితే అవి ఏ పనికి తగునో ఎరుగక కొన్నచో పంచాయతీ సొమ్ము వ్యర్థమగును.

బియ్యపు సంచులు నేయు పాలీప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. అచ్చుపోయుటకు 200 డిగ్రీల దరిదాపు వేడి కావలెను. ఆ వేడికి పచ్చి ఊక మాడసాగును. వస్తువైన పిదపను తేమ పీల్చి ఉబ్బును. కావున ఊకను ముందుగా, గాలి చొరని కొలిమిలో, 400 మొదలు 600 డిగ్రీల వేడిని బొగ్గుగా మార్చెదరు. ఇదియే బయోచార్. ఊకబొగ్గులో సుమారు సగము బూడిదయే. అందు హెచ్చుభాగము సిలికా, అనగా ఇసుకలోని పదార్థము. బొగ్గును మెత్తగా నూరి కలిపినపుడు కరగిన ప్లాస్టిక్ దాని సన్నని రంధ్రములలోనికి దూరి, చల్లారి, పట్టుకొనును.

ఇట్లు చేసిన పలక బలమైనదా? అమ్మువారు 'బలము' అను ఒక్క మాటతో సరిపెట్టుదురు గాని బలము ఒక విధమైనది కాదు. బొగ్గు చేరినకొలది పలక బిరుసెక్కి, బరువునకు వంగుట తగ్గును. లాగినపుడు తెగకుండు శక్తి మాత్రము బొగ్గు మెత్తదనమును, కలిపిన తీరును బట్టి పెరుగవచ్చును, తగ్గనూవచ్చును. సాగు గుణము తగ్గును. దెబ్బకు ఓర్చుటయు సాధారణముగా తగ్గును. ఇసుక మించిన సిమెంటు పూత రాలినట్లే, బొగ్గు మించినచో అది గడ్డకట్టి, ఆ గడ్డల యొద్దనే పగుళ్లు మొదలగును. కావున అరుగుపై పరచు పలకకును, అరల బల్లకును ఇది తగును. పశువులు రాచుకొను కంచె గుంజకు, బండి చక్రము ఎక్కు మురుగుకాలువ మూతకు, పిల్లల ఉయ్యాల బల్లకు మేము దీనిని సిఫారసు చేయజాలము.

ప్లాస్టిక్ వేరుచేయుట అన్నిటికంటె ముఖ్యము. నీళ్ల సీసా చేయు ప్లాస్టిక్ సుమారు 250 డిగ్రీలకు గాని కరగదు. సంచులతో కలిపి వేసిన ఆ ముక్కలు కరగక రాళ్లవలె మిగిలిపోవును. ఎంత మంచి బొగ్గు కలిపినను ఆ పలక అచ్చటనే విరుగును. చెత్త షెడ్డులో సంచులొకచో, సీసాలొకచో ఉంచుట కేవలము శుభ్రత కొరకు కాదు.

కొనుటకు పూర్వము లాగుడు, వంపు, దెబ్బ పరీక్షల ఫలితములు వ్రాతమూలకముగా కోరవలెను. ఊరిలోను కొంత చూడవచ్చును. నమూనా పలకను రెండు ఇటుకలపై నుంచి, బరువు పెట్టి, ఎండలో వారము దినములు విడువుడు. వేడికి ప్లాస్టిక్ మెల్లగా క్రుంగు గుణము గలది. మరియొక ముక్కను తూచి, వారము నీట నానబెట్టి, తడి తుడిచి మరల తూచుడు. ఊక, బెండ్ల స్వభావమును గూర్చిన సందేహములకు బాపట్లలో 1945లో స్థాపితమైన వ్యవసాయ కళాశాల దగ్గరలోనే యున్నది.

విరిగిన పలకను తగులబెట్టరాదు, పొలములో పూడ్చరాదు. బొగ్గు నేలకు మేలు చేయునను మాట ఇచ్చట వర్తింపదు. దానిని చుట్టియున్నది ప్లాస్టిక్. అది మరల షెడ్డునకే చేరవలెను.