ఫోను తెర మీద ప్రాణరక్షణ పాఠాలు

మడికొండ: ఆక్సిజన్ సిలిండర్ తగిలించే నర్సు ముందుగా ఒక లెక్క వేయాలి. ఆస్పత్రుల్లో వాడే పెద్ద సిలిండర్‌లో సుమారు 7 వేల లీటర్ల ఆక్సిజన్ పడుతుంది. రోగికి నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఇస్తే పదకొండున్నర గంటల దాకా వస్తుంది. చిన్న సిలిండర్‌లో పట్టేది 1500 లీటర్లే. రాత్రి పది గంటలకు దాన్ని తగిలించి తెల్లవారి చూసుకోవచ్చులే అనుకుంటే, పన్నెండున్నరకే రోగికి ఊపిరి అందదు.

అత్యవసర విభాగంలో ఆరితేరిన నర్సులకు ఇది కొత్త సంగతి కాదు. కాన్పుల వార్డులోనూ, టీకాల దగ్గరా ఏళ్ల తరబడి పనిచేసిన వారికి, చదువు ఇంకా పూర్తికాని విద్యార్థినులకు మాత్రం కరోనా కాలంలో ఇది ఉన్నపళంగా నేర్వవలసిన విద్య అయింది.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించింది. అదే నెల 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. నర్సింగ్ కళాశాలలు మూతపడ్డాయి. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. విద్యార్థినులు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు చేరారు. బొమ్మల మీద సాధన చేయించే గదులకు తాళాలు పడ్డాయి. నేర్చుకోవడం తప్పనిసరైన రోజుల్లోనే నేర్పే చోటు లేకుండా పోయింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏళ్లయిన సందర్భంగా ఆ సంవత్సరాన్నే నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతకు ముందే ప్రకటించి ఉండడం గమనార్హం.

ఇక మిగిలింది ఫోను. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ‘దీక్షా’ వేదిక మీద ఆరోగ్య సిబ్బందికి పాఠాలు ప్రారంభించింది. రక్షణ దుస్తుల వాడకం, నమూనాల సేకరణ, ఐసీయూలో రోగి సంరక్షణ, వెంటిలేటర్ నిర్వహణ వగైరా అందులో ఉన్నాయి.

తెర బాగా నేర్పినవి లేకపోలేదు. పీపీఈ కిట్టు తొడుక్కోవడం కన్నా విప్పడంలోనే ప్రమాదం ఎక్కువ. ఏది ముందు విప్పాలో, ఎప్పుడెప్పుడు చేతులు శుభ్రం చేసుకోవాలో వరస తప్పకూడదు. ఈ వరసను వీడియోలో పదిసార్లు తిప్పి చూడవచ్చు. తరగతి గదిలో ఆ వీలు లేదు. ఆయాసపడే రోగిని బోర్లా పడుకోబెట్టడమూ అంతే. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 94 కన్నా తక్కువ చూపితే ఇలా చేయవచ్చని 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇళ్లలో ఉన్న రోగులకు కూడా చెప్పింది. భోజనమైన గంట వరకు వద్దని, గర్భిణులకు అసలే వద్దని హెచ్చరించింది.

చేతికి అందని పాఠం

చిక్కంతా గుండె ఆగిన మనిషి దగ్గర వచ్చింది. రొమ్ము ఎముక మీద రెండు చేతులూ ఆన్చి నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 మించకూడదు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఇవన్నీ తెర మీద కనిపిస్తాయి. 5 సెంటీమీటర్లు దిగాలంటే ఎంత బలం పెట్టాలో మాత్రం కనిపించదు. ఇంట్లో తలగడ మీద సాధన చేయవచ్చు, మోచేతులు వంగుతున్నాయో లేదో శిక్షకులు కెమెరాలో చూసి దిద్దవచ్చు. అయితే తలగడ ఛాతీ లాగా ఎదురు తన్నదు. రెండు నిమిషాలు నొక్కేసరికి చేతులు అలసి లోతు తగ్గిపోతుంది, అందుకే మనిషి మారాలి. ఆ అలసట కూడా పాఠమే.

ఈ పద్ధతిని 1960లో అమెరికా వైద్యులు లోకానికి తెలిపారు. అదే ఏడాది నార్వేలో ఆటబొమ్మలు చేసే లేర్డల్ అనే ఆయన సాధన కోసం మనిషంత బొమ్మను తయారుచేశాడు. అంటే విద్యా, బొమ్మా ఒక్కసారే పుట్టాయన్నమాట.

కరోనా మరో సంకటం తెచ్చిపెట్టింది. రక్షణ దుస్తులు వేసుకున్నాకే రోగిని తాకాలి, గదిలో వీలైనంత తక్కువ మంది ఉండాలి అన్నది కొత్త నియమం. అవతల గుండె ఆగి ఉంటుంది. ప్రతి నిమిషం ఆలస్యానికీ బతికే అవకాశం సన్నగిల్లుతుంది. ఇవతల నర్సమ్మ కిట్టు తొడుక్కుంటూ ఉండాలి. ఈ తొందరలో చేయి తడబడకుండా ఉండడం వీడియో చూసినంత మాత్రాన అబ్బేది కాదు.

రెండో ఉద్ధృతి వచ్చేనాటికి వెనక్కి తగ్గే వీలు లేకపోయింది. సీనియర్ల పర్యవేక్షణలో బీఎస్సీ, జీఎన్ఎం నర్సులను కరోనా విధుల్లో పూర్తిగా వాడుకోవచ్చని 2021 మే 3న కేంద్రం ప్రకటించింది. వంద రోజులు పనిచేసిన వారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఉంటుందని కూడా చెప్పింది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఆ రోజుల్లో ఉమ్మడి జిల్లా రోగులకు పెద్ద దిక్కు. మడికొండ రోగి ఎంజీఎం చేరాలంటే కాజీపేట, హనుమకొండ దాటి వెళ్లాలి.

మడికొండకు ఈ నర్సులతో ఇంకో బంధుత్వం ఉంది. కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టిన కాళోజీ నారాయణరావు పెరిగింది ఈ ఊళ్లోనే. రాష్ట్రంలో బీఎస్సీ నర్సింగ్ పట్టాలిచ్చే వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు.

ఆస్పత్రి చేరేలోగా రోగిని కాపాడేందుకు 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం గుండె నొక్కే శిక్షణను ఆస్పత్రుల బయటికీ తెచ్చింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారు పాఠాన్ని ఆన్‌లైన్‌లో చదవనిస్తారు గాని, బొమ్మ మీద చేసి చూపించనిదే ధ్రువపత్రం ఇవ్వరు. ఆ పత్రమైనా చెల్లేది రెండేళ్లే. ఈ లెక్కన 2021 మేలో పత్రం అందుకున్న నర్సుకు 2023 మేతోనే గడువు తీరింది.