తరిమిన కొద్దీ పెరిగిన రేడియో

రాత్రి భోజనాలైన పిమ్మట రేడియో ముల్లు నెమ్మదిగా త్రిప్పుతూ సిలోను పాటలు పట్టుకొనే అలవాటు మన ఇళ్లలో చాలాకాలం ఉండేది. అట్లా త్రిప్పుతున్నప్పుడు ఒక్కొక్కసారి తెలుగులో బైబిలు పాఠం వినిపించేది. కొందరు విన్నారు, కొందరు ముల్లు ముందుకు జరిపారు. ఆ గొంతు ఎక్కడనుంచి వస్తున్నదని విచారించినవారు మాత్రం తక్కువ. అట్టి గొంతులను దేశదేశాలకు పంపిన సంస్థలలో ట్రాన్స్ వరల్డ్ రేడియో ఒకటి. అది పెరిగిన తీరు ఏ మతస్థులకైనా తెలుసుకోదగినదే.

1948లో స్విట్జర్లండులో ఒక క్రైస్తవ యువజన సభ జరిగింది. దానికి పాల్ ఫ్రీడ్ అనే అమెరికన్ యువకుడు వెళ్లాడు. స్పెయిను నుంచి వచ్చిన ప్రతినిధులు, తమ దేశానికి వచ్చి సాయపడమని ఆయనను కోరారు. అప్పుడు స్పెయినులో జనరల్ ఫ్రాంకో ఏలుబడి. రాజ్యం అండ కాథలిక్ మతానికి. ప్రొటెస్టంట్లు నాలుగు గోడల మధ్య ప్రార్థన చేసుకోవచ్చును గాని, మందిరానికి బోర్డు కట్టరాదు, వీధిలో ఉత్సవం చేయరాదు. క్రైస్తవుల దేశంలోనే కొందరు క్రైస్తవులకు నోరు లేకుండా పోయిందన్నమాట.

వీధిలో మాట్లాడరాదంటే గాలిలో మాట్లాడవచ్చును గదా! స్పెయినుకు ఎదురుగా, ఇరుకైన జలసంధికి ఆవలి ఒడ్డున టాంజియర్ పట్టణం ఉన్నది. ఆనాడు అది అనేక రాజ్యాల ఉమ్మడి పాలనలో ఉండేది. ప్రైవేటువారు కూడా రేడియో నడుపుకొనే వీలుండేది. యుద్ధంలో వాడగా మిగిలిన 2,500 వాట్ల ట్రాన్స్‌మిటర్ ఒకటి సంపాదించి, 1954 ఫిబ్రవరిలో అక్కడనుంచి ప్రసారం మొదలుపెట్టారు. ఫ్రీడ్ తండ్రి కూడా వచ్చి ఆ కేంద్రం బాధ్యత తీసుకున్నాడు. భాషలు ఒకటొకటిగా చేరాయి.

ఇంతలో 1956లో మొరాకోకు స్వాతంత్ర్యం వచ్చి, టాంజియర్ ఆ దేశంలో కలిసిపోయింది. 1959 ఆఖరుకు ప్రైవేటు రేడియోలు మూసివేయవలసి వచ్చింది. ఇందులో మొరాకోను తప్పు పట్టలేము. కొత్తగా స్వతంత్రం పొందిన దేశం తన గాలి తన చేతిలో ఉండాలనుకోవడం సహజమే. ఆ రోజుల్లో మన దేశమూ రేడియోను ప్రభుత్వం చేతిలోనే ఉంచుకొన్నది.

మరొకరైతే అంతటితో కట్టిపెట్టి ఇంటికి పోయేవారే. వీరు సముద్రం దాటి మాంటీకార్లో చేరారు. అక్కడి కొండమీద, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ల ప్రచారం కోసం తలపెట్టిన భవనం ఒకటి ఉన్నది. 1960 అక్టోబరులో ఆ భవనం నుంచే, ఈసారి 100 కిలోవాట్ల శక్తితో, బైబిలు మాటలు వినిపించాయి. ద్వేషం చాటడానికి కట్టిన ఇంట్లో ప్రార్థన చేయడం కాలమహిమ కాక మరేమిటి?

అక్కడనుంచి పెరుగుదల వేగంగా సాగింది. 1964లో కరీబియన్ సముద్రంలోని బోనెయిర్ దీవి, 1974లో ఆఫ్రికాలో నేడు ఎస్వాటిని అని పిలువబడే స్వాజీలండు, 1977లో పసిఫిక్‌లో గువామ్, 1978లో మన పొరుగున ఉన్న శ్రీలంక. చిన్న దేశాలు, చిన్న దీవులే ఎక్కువ. కారణం తేలికగానే తెలుస్తుంది. షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలోని ఒక పొరకు తగిలి వెనక్కు వంగి వేల మైళ్ల దూరాన దిగుతాయి. మీడియంవేవ్ పగలు చుట్టుపట్లకే పరిమితమైనా, చీకటిపడితే చాలా దూరం పోతుంది. కాబట్టి నిలబడడానికి కాస్త చోటు దొరికితే చాలు, పెద్ద దేశాలకు వినిపించవచ్చును.

మనకు సంబంధించినది శ్రీలంక కేంద్రం. పుత్తళం దగ్గర 400 కిలోవాట్ల మీడియంవేవ్ స్తంభాలు నిలిచాయి. టాంజియర్‌లో మొదలైన శక్తికి ఇది 160 రెట్లు. ఇండియాలో ప్రైవేటువారికి మీడియంవేవ్, షార్ట్‌వేవ్ అనుమతులు లేవు; 2000 తరువాత వచ్చినది ఎఫ్.ఎం. ఒక్కటే. అందుచేత ఇక్కడ మన భాషల్లో మాట్లాడి రికార్డుచేసినది సముద్రం దాటిపోయి, తిరిగి గాలిలో మన ఇంటికే వచ్చేది. ఇదే పద్ధతిలో మరొక సంస్థ ఫీబా, 1970 నుంచి 2003 వరకు సీషెల్స్ దీవులనుంచి ప్రసారం చేసింది.

రేడియోలో మాట్లాడేవాడికి వినేవాడు కనిపించడు. ఆ రోజుల్లో కార్డుముక్కే సాక్ష్యం. కార్డు వస్తే విన్నట్లు. రాకపోతే విన్నారో లేదో దైవానికి ఎరుక. 1967లో మతాన్నే నిషేధించిన అల్బేనియా వంటి దేశాలనుంచి కార్డు వచ్చే మార్గమేది? అయినా అల్బేనియన్ భాషలో ప్రసారాలు చేస్తూనే వచ్చారు.

ఇప్పుడు రేడియో సెట్టు అటకెక్కింది. సంస్థ కూడా ఫోనుల్లోకి వచ్చింది. 200కు పైగా భాషల్లో మాట్లాడుతున్నామని చెప్పుకొంటున్నది. డబ్బూ, స్తంభాలూ చాలామందికి ఉన్నాయి. వీరిని నిలబెట్టినది, నా ఉద్దేశంలో, ఎవరి భాషలో వారితో మాట్లాడాలన్న పట్టుదలే. మనిషి ఏ ఊళ్లో ఉన్నా ఇంటిమాటలో పలికిన గొంతుకే ముందు చెవి ఒగ్గుతాడు. తరాల క్రితం ఊరు విడిచి వచ్చి, ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడుకొనే మనకు ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు.