పనికి తగిన కంప్యూటర్

పెళ్ళి శుభలేఖ, దుకాణం పేరుపలక, జాతర గోడపత్రిక, పుస్తకం అట్ట - వీటన్నిటి వెనుకా ఒక రూపశిల్పి శ్రమ ఉంటుంది. ఒకప్పుడు కుంచెతోను, సీసపు అక్షరాలతోను చేసిన ఈ పని ఇప్పుడు కంప్యూటర్ మీద సాగుతున్నది. హోసూరు, బళ్ళారి, బరంపురం వంటి ఊళ్ళలో తెలుగుతోపాటు అక్కడి భాషలోనూ అక్షరాలను తప్పులేకుండా కూర్చగలవారికి ఇది మంచి ఉపాధి. అయితే దీనికి పెట్టుబడి తరచుగా ఇంటివారు కూడబెట్టిన సొమ్మో, అప్పో అవుతుంది. అందుచేత కంప్యూటర్‌ను ఆలోచించి ఎంచుకోవాలి.

దుకాణానికి వెళ్ళకముందే మూడు సంగతులు వరుసగా తేల్చుకోవాలి. ఏ పని చేయాలి? దానికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలి? ఆ సాఫ్ట్‌వేర్ నడవడానికి ఎలాంటి యంత్రం సరిపోతుంది? ఈ వరుస తప్పితే డబ్బు వృథా అవుతుంది.

కొన్ని సాఫ్ట్‌వేర్లకు నెలనెలా రుసుము చెల్లించాలి. 1996లో వెలువడిన గింప్, 2003లో వెలువడిన ఇంక్‌స్కేప్ మాత్రం ఉచితం. మొదటిది ఛాయాచిత్రాలను దిద్దడానికి, రెండవది చిహ్నాలు, బొమ్మలు గీయడానికి పనికివస్తుంది. అయితే ముద్రణాలయం వారు ఎలాంటి ఫైలు కోరుతారో ముందే అడిగి తెలుసుకోవాలి.

అక్షరాల సంగతీ ముఖ్యమే. యూనికోడ్ పద్ధతిలో 1991లోనే తెలుగుకు చోటు లభించింది. ఆ పద్ధతిని పాటించని పాత ఖతులతో కూర్చిన మాటలు, ఆ ఖతి లేని కంప్యూటర్లో అర్థంలేని గుర్తులుగా కనబడతాయి. యూనికోడ్ ఖతులకు ఆ చిక్కు లేదు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణుల పేర్లు పెట్టిన తెలుగు ఖతులు ఉచితంగానే లభిస్తున్నాయి.

ఇక యంత్రం. ర్యామ్ పనిబల్ల వంటిది. డిస్కు బీరువా వంటిది. బల్ల ఇరుకైతే ప్రతిసారీ బీరువా దగ్గరకు పోవలసి వస్తుంది, పని మందగిస్తుంది. బల్ల ఎంత ఉండాలో లెక్క కట్టవచ్చు. ఏ4 కాగితంపై అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేయాలంటే, బొమ్మలో దాదాపు 87 లక్షల చుక్కలు ఉంటాయి. చుక్కకు మూడు బైట్ల చొప్పున ఒక్క పొరకు 26 మెగాబైట్లు అవుతుంది. 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు గల గోడపత్రికకు పొర ఒక్కటికి 233 మెగాబైట్లు కావాలి. పది పొరలైతే 2,300 మెగాబైట్లు దాటుతుంది. కాబట్టి చిన్న పనులకు 8 గిగాబైట్ల ర్యామ్ చాలు. పెద్ద పనులకు 16 ఉంటే మేలు. పాతరకం తిరిగే డిస్కు కంటే ఎస్‌ఎస్‌డి ఎంతో వేగంగా పనిచేస్తుంది.

తెర విషయంలో పిసినారితనం పనికిరాదు. ఐపీఎస్ తెరను పక్కనుంచి చూసినా రంగులు అంతగా మారవు. అయినా తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో రంగులు చూపుతుంది. అచ్చుయంత్రం సిరాలతో వాటిని పుట్టిస్తుంది. ఈ రెండూ అచ్చంగా ఒకటి కావు. అందుకే మొత్తం ప్రతులు వేయించే ముందు నమూనా ప్రతి తీయించి చూడాలి.

తగ్గించుకోగల ఖర్చులూ ఉన్నాయి. శుభలేఖలు, గోడపత్రికల వంటి పనులకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు సాధారణంగా అవసరం లేదు. తిరుగుతూ పనిచేయనక్కరలేనివారికి ల్యాప్‌టాప్ కంటే బల్లమీది కంప్యూటర్ లాభం. అదే ధరకు ఎక్కువ శక్తి లభిస్తుంది. ర్యామ్ తరువాత పెంచుకోవడమూ తేలిక.

ఇలా మిగిల్చిన సొమ్ములో కొంత విడి డిస్కుకు కేటాయించాలి. కంప్యూటర్ చెడిపోతే మరొకటి కొనవచ్చు. రేపు పంచవలసిన శుభలేఖ అందులోనే పోతే, పోయేది డబ్బు ఒక్కటే కాదు, నమ్మి పని అప్పగించినవారి విశ్వాసం కూడా.