చాలకాలము నిలిచిన పడవ ఇంజను

నల్లమల కొండల పడమటి పాదమున ఉన్న మహానంది కోనేటి నీరు ఎంత తేటగా ఉండునో చూచినవారందరికి తెలియును. అడుగున పడిన చిన్న నాణెము గూడ పైనుండి కనబడును. ఊట నిరంతరము ఉబుకుట, వచ్చినంత నీరు బయటికి పారిపోవుట ఇందుకు ముఖ్యకారణము. ఆ నీరే చుట్టుపట్ల అరటితోటలకు, వరిమళ్ళకు చేరుచున్నది. పారు నీటికి గల ఈ గుణము నిలువ నీటికి లేదు. ఇంజను ట్యాంకులోని చమురునకు గూడ ఇదే న్యాయము వర్తించును. వాడుకలో ఉన్న చమురు చెడుటకు వ్యవధి ఉండదు. నెలల తరబడి నిలిచిన చమురు చెడక మానదు.

కర్నూలు, కడప సీమల మెట్టనేలలో పడవల ప్రసక్తి ఏమిటని తోచవచ్చును. తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలై కడప దాక పోవు కె.సి. కాలువ 19వ శతాబ్దమున సేద్యమునకే గాక పడవల రాకపోకలకు గూడ ఉద్దేశించి త్రవ్వబడినది. 1882లో దానిని కంపెనీ వద్దనుండి ప్రభుత్వము కొనినది. ఆ పడవలు ఇప్పుడు లేవు. కాని మహానందికి వాయవ్యమున, సంగమేశ్వరము వద్ద శ్రీశైల జలాశయము విస్తరించి ఉన్నది. ఏటిలో ఎక్కువ నెలలు నీట మునిగియుండు అచటి ఆలయము వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడును. ఆ తగ్గుదలతోబాటే కొన్ని పడవలు ఒడ్డుకు చేరి, తిరిగి నీరు వచ్చువరకు ఊరక పడియుండును. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, యాంత్రికపు పడవల చేపల వేటకు నిషేధము గనుక సముద్రపు పడవలకు గూడ ఇట్టి విరామము తప్పదు. విద్యుత్తు మోటార్లు వచ్చిన తరువాత పొలముల కొట్టములలో మూలపడిన ఆయిలింజనులదియు ఇదే స్థితి.

పొలములో ఇంజను ఆగినచో మడి ఒక పూట ఎండును. జలాశయము నడుమ ఆగినచో పడవ గాలివాటమునకు కొట్టుకొనిపోవును. అందున్నవారి ప్రాణములకే ముప్పు. కాబట్టి ఒడ్డున ఉండగనే లోపమును కనుగొనుట అవసరము.

చమురు నడచు దారి

రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో జయప్రదముగ నడిపించిన ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. సిలిండరులోని గాలిని గట్టిగా నొక్కగా అది మిక్కిలి వేడెక్కును. సరిగా ఆ క్షణమున చమురును సన్నని తుంపరగా చిమ్మినచో దానంతట అదే అంటుకొనును. ఇట్లు చిమ్ముటకు చమురు ట్యాంకునుండి కుళాయి, గొట్టము, ఫీడ్ పంపు, ఫిల్టరు, ఇంజెక్షను పంపు దాటి, చివరకు నాజిల్ చేరవలెను.

ఈ దారిలో అన్నిటికన్న సున్నితమైనది ఇంజెక్షను పంపు. చిన్న ఇంజనులలో గూడ చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోల పీడనము కలిగినగాని నాజిల్ తెరచుకొనదు. అంత పీడనము కారిపోకుండుటకై పంపులోని కడ్డీకి, దాని గొట్టమునకు నడుమ 2, 3 మైక్రాన్ల సందు మాత్రమే ఉంచుదురు. మనిషి తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. అంత ఇరుకైన చోట ఒక తుప్పు రేణువు గాని, జిగట పొర గాని చేరినచో కడ్డీ పట్టుకొనిపోవును. ఈ పంపునకు చమురే కందెన. చమురు బదులు నీరు వచ్చినచో కందెన లేక లోహము లోహముతో ఒరసికొనును.

నిలువ ఉన్న చమురునకు పట్టు జబ్బులు

మొదటిది జిగట. చమురు గాలిలోని ఆమ్లజనితో మెల్లగా కలియును. అందువలన రంగు ముదిరి, వార్నీషు వాసన వేసి, బంకవంటి పదార్థము ఏర్పడును. వేడి దీనిని త్వరపెట్టును. రాయలసీమ ఎండలో రేకు ట్యాంకు ఎంత కాగునో చెప్పనక్కరలేదు.

రెండవది నీరు. ట్యాంకు పగలు వేడెక్కి గాలిని వదలును. రాత్రి చల్లబడి తేమగాలిని పీల్చును. అయితే ఈ నీరు ఎంత? 100 లీటర్ల ట్యాంకు సగము ఖాళీగా ఉన్నదనుకొందము. అందలి 50 లీటర్ల గాలి 25 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు వేడెక్కినచో సుమారు 3.3 లీటర్లు బయటికి పోవును. రాత్రి అంతే గాలి లోనికి వచ్చును. వానకాలపు గాలిలో ఘనపు మీటరునకు 20 గ్రాముల తేమ ఉన్నదనుకొన్నను రాత్రికి చేరునది 0.07 గ్రాము మాత్రమే. నాలుగు నెలలకు, అంతయు లోపలనే నిలిచినదనుకొన్నను, 8 గ్రాములు, అనగా చెంచాన్నర. కాబట్టి ట్యాంకులో గ్లాసెడు నీరు కనిపించినచో అది గాలి తేమ కాదు. మూత వదులై వాన నీరు దిగినదనియో, నీరు చేరిన పీపానుండి చమురు పోసిరనియో గ్రహించి ఆ మూలమునే సరిచేయవలెను. నీరు డీజిలు కన్న బరువు గనుక అడుగున చేరును. చమురు బయలుదేరు గొట్టము గూడ సాధారణముగ అడుగుననే ఉండును.

మూడవది జీవులు. నీటికి, చమురునకు నడుమ ఏర్పడు సరిహద్దున బ్యాక్టీరియా, బూజు పెరుగును. ‘అమోర్ఫోథీకా రెసినే’ అను బూజు చమురులోని హైడ్రోకార్బనులనే ఆహారముగ గ్రహించును. నల్లని తొరకవంటి పదార్థమై ఫిల్టరును మూసివేయును; అది విడుచు ఆమ్లములు లోహమును తినివేయును. పైన చెప్పిన చెంచాన్నర నీరే దీనికి చాలును. చమురు చేయి తగిలినచో జిగురుగా సాగుట, పుల్లని కంపు కొట్టుట దీని గుర్తులు.

వరుస తప్పని పరీక్ష

చాలమంది ఇంజను కదలకపోగానే నాజిల్ విప్పుదురు. ఇది తలక్రిందుల పద్ధతి. లోపము ట్యాంకువైపుననే ఉండుటకు అవకాశము ఎక్కువ. అది పరీక్షించుటయు తేలిక. కావున చమురు నడచు దారిననుసరించి ఒక్కొక్క మజిలీ చూచుకొనుచు పోవలెను. అంతకుముందు కందెన నూనె మట్టము చూచి, డీకంప్రెషన్ లీవరు ఎత్తి, ఇంజను చేతితో స్వేచ్ఛగా తిరుగుచున్నదో లేదో తెలిసికొనవలెను.

ట్యాంకు అడుగునుండి కొంత చమురును తేట గాజుసీసాలోనికి దింపి గంటసేపు కదలనీయక ఉంచవలెను. తేటగా, మెరయుచు ఉన్నచో మంచిదే. పొగమంచువలె మసకగా ఉన్నచో అందు నీరు కలిసియున్నది. అడుగున వేరు పొర కనబడినచో నీరు తేటపడినది. నడుమ నల్లని తొరక ఉన్నచో బూజు పట్టినది. అట్టి చమురును పూర్తిగా దింపి, ట్యాంకు కడిగి, క్రొత్త చమురు పోయవలెను. దింపిన చమురును నీటిలో పారబోయరాదు.

తరువాత మూతలోని గాలి రంధ్రము. సన్నని రంధ్రము కనబడిన చోటెల్ల కుమ్మరిపురుగు మట్టితో గూడు కట్టును. గాలి లోనికి రానిచో ట్యాంకులో పీడనము తగ్గి చమురు కదలదు. ఇంజను చక్కగా బయలుదేరి, కొలది నిమిషములు నడచి ఆగిపోవుట దీని లక్షణము. ఆగినప్పుడు మూత వదులు చేయగా ‘స్స్’ మని గాలి లోనికి పోయినచో సందేహము లేదు.

గొట్టముల విషయమున పొలపు ఇంజనునకు, పడవ ఇంజనునకు ముఖ్యభేదము కలదు. పొలపు ఇంజనుకు ట్యాంకు పైన ఉండును. చమురు తన బరువుతోనే దిగును. గొట్టము చీలినచో చమురు కారి కంటబడును. పడవలో ట్యాంకు తరచు ఇంజను కన్న దిగువన ఉండును. ఫీడ్ పంపు చమురును పైకి పీల్చవలెను. ఇక్కడ గొట్టము చీలినచో ఇంజను నడచునప్పుడు చమురు బయటికి రాదు, గాలియే లోనికి పోవును. పైకి చుక్క కారదు గనుక లోపము దొరకదు. ఎండకు బీటలు వారిన రబ్బరు గొట్టమును పరీక్షలేకయే మార్చుట మేలు.

ఫిల్టరు సగము మూసికొన్నచో ఇంజను ఖాళీగా బాగుగనే తిరుగును. బరువు పడగానే వేగము తగ్గి ఆగును. చాలకాలము నిలిచిన ఇంజనునకు కాగితపు ఫిల్టరు క్రొత్తది వేయవలెను. పాతదానిని కడిగి వాడరాదు.

గాలిని వెడలగొట్టుట

గాలి నొక్కిన అణగును. డీజిలు దాదాపు అణగదు. గొట్టములో గాలిబుడగ ఉన్నచో పంపు కడ్డీ ఎంత నొక్కినను బుడగ కుదించుకొనుటయేగాని నాజిల్ తెరచుకొను పీడనము పుట్టదు. ఫిల్టరు మార్చిన ప్రతిసారి గాలి చేరును. ఫిల్టరు పైని మర వదులు చేసి, ఫీడ్ పంపు చేతిమీటను ఆడించుచు, బుడగలు ఆగి చమురు ఏకధారగా వచ్చువరకు ఉంచి బిగించవలెను. పిమ్మట ఇంజెక్షను పంపు మర వద్ద అట్లే చేయవలెను. చివరకు నాజిల్ వద్ద గొట్టపు నట్టు కొంచెము వదులు చేసి ఇంజనును త్రిప్పగా చమురు చిందినచో దారి తెరపి అయినది.

ఇంత చేసినను నాజిల్ దాక చమురు రానిచో ఇంజెక్షను పంపు పట్టినదని అర్థము. దానిని సుత్తితో కొట్టరాదు. తగిన పరికరములు గల పంపు మెకానికు వద్దకే పంపవలెను. నాజిల్ చిమ్ము తుంపరకు చేయి అడ్డము పెట్టుట మహాప్రమాదము. ఆ వేగమునకు చమురు చర్మమును చీల్చి లోనికి పోవును. గాయము సూదిమొనంత ఉన్నను, నొప్పి లేకున్నను, తక్షణము ఆసుపత్రికి పోవలెను.

పొగను చూచియు కొంత తెలియును. ఇంజనును త్రిప్పునప్పుడు పొగయే రానిచో సాధారణముగ చమురు అందుటలేదు. తెల్లని పొగ వచ్చి ఇంజను అంటుకొననిచో చమురు చేరుచున్నది గాని మండుటలేదు: కంప్రెషను చాలకపోవుట, నీరు కలియుట, తుంపర చెడుట కారణములు కావచ్చును. నడచుచు నల్లని పొగ విడిచినచో నాజిల్ తోబాటు గాలి ఫిల్టరును గూడ చూడవలెను; అందు ఎలుక గూడు పెట్టియుండవచ్చును.

పెట్రోలు ఇంజనుల సంగతి

చిన్న పడవల వెనుక తగిలించు పెట్రోలు ఇంజనులలో నిలువ దోషము ఇంకను త్వరగా కలుగును. తేలిక భాగములు ఆవిరికాగా కార్బురేటరులోని సన్నని రంధ్రములలో బంక మిగులును. భారతదేశమున 2025 నాటికి పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపు స్థితి వచ్చినది. ఇథనాలు నీటిని పీల్చును. హద్దు మీరినంత నీరు చేరినచో ఇథనాలు, నీరు కలిసి పెట్రోలునుండి విడిపోయి అడుగున చేరును. అట్టిదానిని కలియబెట్టి ప్రయోజనము లేదు, పారవేయవలసినదే. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువు గనుక పడవ అడుగున నిలుచును. మూసిన చోట ఇంజను ఉన్న పడవను తెరచి బాగుగ గాలి ఆడనిచ్చిన తరువాతనే స్టార్టు చేయవలెను.

నిలుపుటకు ముందు

ఈ శ్రమలో చాలభాగము నిలుపునాడే తప్పించుకొనవచ్చును. డీజిలు ట్యాంకు అడుగు నీరు దింపి, వ్యాకోచమునకు కొద్ది చోటు విడిచి దాదాపు నిండుగా ఉంచవలెను. లోపల గాలి తక్కువైన తేమయు తక్కువ. పెట్రోలు ఇంజను ట్యాంకును, కార్బురేటరును ఖాళీ చేయవలెను. మూత బిగించి, పడవకు నీడ కల్పించవలెను.

మరల నీటికి దింపినప్పుడు పడవను ఒడ్డుకు గట్టిగా కట్టి, బరువు మీద అరగంటసేపు ఇంజనును నడిపి చూడవలెను. ఫిల్టరు గిన్నెలో మిగిలిన మంచి చమురుతో ఏ ఇంజనైనను కొంతసేపు నడచును. అది అయిపోయిన తరువాతనే ట్యాంకులోని అసలు సంగతి తెలియును. ఆ అరగంటయు ఆగక నడచిన పిమ్మటనే తెడ్లు, లంగరు, తలకొక లైఫ్ జాకెట్ ఉన్నవో లేవో చూచుకొని మనుషులను ఎక్కించవలెను.