పంట కబురు: ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు?

ఆర్.ఎన్.ఆర్. 15048.

దీన్ని నిదానంగా చదవండి. మూడు అక్షరాలు, ఐదు అంకెలు. ఇది బండి నంబరు కాదు. ఒక వరి రకం పేరు. దీన్నే తెలంగాణ సోనా అంటారు. గింజ సన్నం. విత్తనం వేసిన సుమారు 125 రోజులకు పంట కోతకు వస్తుంది. అగ్గి తెగులును తట్టుకుంటుంది.

ఆర్.ఎన్.ఆర్. అంటే ఏమిటో తెలుసా? రాజేంద్రనగర్! మన శంషాబాద్‌లో బస్సెక్కి ఆరాంఘర్ చౌరస్తాలో దిగి, అటు తిరిగితే వచ్చే రాజేంద్రనగరే. అక్కడి వరి పరిశోధన కేంద్రంలో ఈ రకాన్ని తయారు చేశారు. బి.పి.టి. 5204 అంటే బాపట్లలో పుట్టింది. దాన్నే సాంబ మసూరి అంటాం. ఎం.టి.యు. అంటే గోదావరి జిల్లాల వైపు ఉన్న మారుటేరు. జె.జి.ఎల్. అంటే మన జగిత్యాల. ఆ అక్షరాలు చదవగలిగితే చాలు, విత్తనం పుట్టిల్లు తెలిసినట్టే.

ఇంత దగ్గర పుట్టిన వరి గురించి మనకు కబురు ఎక్కడి నుంచి వస్తోంది? ఫోనులో, వాట్సాప్‌లో వస్తోంది. "ఈ బియ్యం తింటే షుగర్ రాదు, ఎంతైనా తినొచ్చు, గోలీలు మానెయ్యొచ్చు" అన్నట్టు ఉంటుంది. కింద ఎవరి పేరూ ఉండదు. తేదీ ఉండదు. "పది మందికి పంపండి" అని మాత్రం ఉంటుంది.

ఆ కబురులో కొంత నిజం ఉంది. చిక్కంతా అక్కడే. అన్నం తిన్నాక రక్తంలో చక్కెర ఎంత తొందరగా పెరుగుతుందో చెప్పే లెక్క ఒకటి ఉంది. దాన్ని గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. ఆ లెక్క 55 గానీ, అంతకు తక్కువ గానీ ఉంటే చక్కెర నిదానంగా పెరుగుతుందని అర్థం. తెలంగాణ సోనాకు అది 51 చుట్టుపక్కల వచ్చింది. ఇది నిజం. కానీ ఆ లెక్క "ఎంత తొందరగా" అన్న మాటే చెబుతుంది. పళ్ళెంలో ఎంత పెట్టుకున్నారో దానికి తెలియదు. రెండింతలు తింటే చక్కెరా పెరుగుతుంది. ఇక గోలీల సంగతి. మానాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాల్సిన మాట. బియ్యం చెప్పే మాట కాదు.

మరి నిజం ఎక్కడిదాకా ఉంది, అబద్ధం ఎక్కడ మొదలైంది? ఇది ఎలా తెలుస్తుంది?

మా రాత్రి బడిలో ఒక అక్క అడిగింది. "టీచరమ్మా, ఫోనుల అడిగితే వంద జవాబులు వస్తయి. ఏది నమ్మాలె?" మంచి ప్రశ్న. వంద మంది చెప్పినా మాట ఒక్కరిదే కావచ్చు. ఒకరు రాసింది తొంభై తొమ్మిది మంది ఎత్తి రాస్తారు. అందుకే ఎంత మంది చెప్పారని చూడకండి. మొదట ఎవరు చెప్పారో చూడండి.

ఫోనులో ఏ పేజీ తెరిచినా పైన ఒక సన్నటి గీతలో ఇంగ్లీషులో చిరునామా ఉంటుంది. మనం తోక చూస్తే చాలు. చివర జి.ఓ.వి. డాట్ ఇన్ అని ఉంటే అది సర్కారుది. ఆర్.ఇ.ఎస్. డాట్ ఇన్ అని గానీ, ఎ.సి. డాట్ ఇన్ అని గానీ ఉంటే పరిశోధన సంస్థదో, విశ్వవిద్యాలయానిదో. డాట్ కామ్ అన్న తోకను ఎవరైనా డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. డాట్ కామ్ అంటే అబద్ధమని కాదు. మంచి రైతులు, మంచి పత్రికలు కూడా అందులోనే ఉంటాయి. కాకపోతే అక్కడ ఇంకో ప్రశ్న వేయాలి. ఈ మాట చెప్పినందుకు వీళ్ళకు ఏమొస్తుంది? పురుగు గురించి పది నిమిషాలు చెప్పి, చివరికి ఒక డబ్బా చూపించి "ఈ నంబరుకు ఆర్డరు పెట్టండి" అన్నారనుకోండి. అది పాఠం కాదు, దుకాణం.

ఈ మధ్య ఫోనే సొంతంగా జవాబు రాసి ఇస్తోంది. తెలుగులో అడిగితే తెలుగులోనే ఇస్తుంది. మాట చక్కగా ఉంటుంది. కానీ ఎక్కడి నుంచి తెచ్చిందో చూడకుండా మందు మోతాదు మాత్రం దాని నోట వినకండి. లీటరుకు 2 మిల్లీలీటర్లు అనాల్సిన చోట 20 అంటే ఏమవుతుంది?

ఇప్పుడు తేదీ సంగతి. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే.

పాత కాగితం పసుపు రంగుకు తిరుగుతుంది. అంచులు చిరుగుతాయి. చూడగానే పాతదని తెలుస్తుంది. ఫోనులో పాత కాగితం ఎప్పుడూ కొత్తగానే మెరుస్తుంది. 1990లలో రాసిన సలహా, నిన్న రాసిన సలహా పక్కపక్కనే కనిపిస్తాయి.

ఉదాహరణకు మోనోక్రోటోఫాస్ తీసుకోండి. ఒకప్పుడు రసం పీల్చే పురుగులకు ఈ మందే కొట్టమనేవారు. పాత పుస్తకాల్లో ఉంది. చదువుకున్న శాస్త్రవేత్తలే రాశారు. కానీ 2005 నుంచి మన దేశంలో కూరగాయల మీద ఈ మందు కొట్టడం నిషేధం. 2013 జూలైలో బీహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో కలిసిన విషం ఈ మందే అని తేలింది. 2023లో కేంద్ర ప్రభుత్వం మోనోక్రోటోఫాస్ 36 ఎస్.ఎల్. అనే రకాన్ని ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఎండోసల్ఫాన్ కథ కూడా ఇలాంటిదే. 2011లో సుప్రీంకోర్టు దాన్ని ఆపించింది. మరి పాత పుస్తకాన్ని ఎవరో ఫొటో తీసి ఫోనులో పెట్టారనుకోండి. రాసింది పెద్ద సంస్థే. చిరునామా తోక కూడా మంచిదే. అయినా ఆ సలహా ఈ రోజు విషం. మన దగ్గర పాలకూర, తోటకూర, టమాటా వేసి రైతు బజారుకు తీసుకుపోయేవాళ్ళున్నారు. ఆ కూర ఏ పిల్లల పళ్ళెంలోకి పోతుందో మనకు తెలియదు. ముందు మన పిల్లల పళ్ళెంలోకే పోతుంది.

కాబట్టి ఏ సలహా చదివినా సంవత్సరం వెతకండి. సంవత్సరం కనబడకపోతే మందుల విషయంలో ఆ సలహాను పక్కన పెట్టండి. మందు సీసా మీద కూడా చదవాల్సినవి ఉన్నాయి. గాలిపటం లాంటి గుర్తు ఒకటి ఉంటుంది. దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా ఘాటు విషం. తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం కాదని అనుకోకండి. తక్కువ విషం, అంతే. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో కూడా సీసాతో పాటు వచ్చే కాగితంలో ఉంటుంది. అక్షరాలు చీమ తలలంత ఉంటాయి. అయినా చదవండి. పిల్లల చేత చదివించుకోండి.

ఇంకొక మాట అడగాలి. ఈ సలహా ఏ నేలకు? మన వైపు ఎక్కువగా ఎర్ర చెలకలు. నీరు తొందరగా ఇంకిపోతుంది. గుంటూరు రేగడిలో పత్తి వేసిన రైతు చెప్పింది అక్కడ నిజమే. అదే మాట మన చెలకలో ఎదురు తిరగవచ్చు. విమానాశ్రయం కోసం ఇక్కడ సుమారు 5,500 ఎకరాల భూమి పోయింది. 2008లో విమానాలు మొదలయ్యాయి. మిగిలిన చెలకలో అరెకరం, ఎకరం చేసుకునేవాళ్ళకు ఒక్క పంట పోయినా తట్టుకునే శక్తి లేదు.

పేర్ల గొడవ కూడా చెప్పాలి. మనం పుంటికూర అంటాం, ఆంధ్ర వైపు గోంగూర అంటారు. మన మక్కలు వాళ్ళకు మొక్కజొన్న. మన పల్లికాయ వాళ్ళ వేరుశనగ. మన బొబ్బెర్లు వాళ్ళ అలసందలు. మన తైదలు వాళ్ళ రాగులు. తైదలు అని ఫోనును అడిగితే నాలుగు జవాబులు వస్తే, రాగులు అని అడిగితే నలభై వస్తాయి. అందుకని రెండు పేర్లతోనూ అడగండి. మైకు బొమ్మ నొక్కి నోటితో అడిగినా సరే.

అన్ని దేశాల్లోనూ ఒకటే పేరు కావాలని శాస్త్రవేత్తలు ప్రతి మొక్కకూ లాటిన్ పేరు పెట్టారు. గంగవాయిలి కూరనే పావిలి కూర అని కూడా అంటారు. దాని లాటిన్ పేరు పోర్టులాకా ఒలరేసియా. లండన్‌లో క్యూ అనే పెద్ద మొక్కల తోట ఉంది. వాళ్ళు ప్రపంచంలోని మొక్కల పేర్లన్నీ ఫోనులో ఉచితంగా చూసుకునేలా పెట్టారు. ఈ పేర్లు కంఠతా పట్టనక్కర లేదు. నాకూ నోరు తిరగదు. కానీ చేను గట్టు మీద ఆకు కోసుకొని వండుకునేవాళ్ళకు ఏ మొక్క ఏదో తెలియడం ప్రాణం మీది సంగతి. గంగవాయిలి పక్కనే, దాని లాగే నేల మీద పాకే నానబాలు జాతి మొక్కలు ఉంటాయి. కాడ తుంచి చూడండి. తెల్లటి పాలు కారితే అది గంగవాయిలి కాదు. వండకండి. ఫోనులో బొమ్మ చూసి పోల్చుకుంటే ఈ పాలు కనపడవు. మన అవ్వలకు తెలిసిన ఈ పరీక్ష ఫోనుకు తెలియదు.

తిండి లెక్కల విషయానికి వస్తే, హైదరాబాద్‌లో తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో మొదలై, తర్వాత హైదరాబాద్‌కు వచ్చింది. 2017లో వాళ్ళు 528 రకాల తిండి పదార్థాలను కొలిచి ఒక పుస్తకం వేశారు. అందులో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని ఉంది. ఆవు పాలలో 118. అంటే సుమారు మూడు రెట్లు. "పాలకన్నా పది రెట్లు" అని ఎవరైనా పంపితే ఈ లెక్కతో సరిచూడండి. అదే సంస్థ పాత పుస్తకంలో రాగులకు 344 అని ఉండేది. రెండూ తప్పు కాదు. గింజ ఏ నేలలో పండింది, ఎలా కొలిచారు అన్నదాన్ని బట్టి కొంచెం తేడా వస్తుంది. కొంచెం తేడా వేరు, పది రెట్ల తేడా వేరు.

ఇక రాజేంద్రనగర్. ప్రొఫెసర్ జయశంకర్ పేరు మీద ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. వరి, చిరుధాన్యాలు, నూనె గింజల మీద పనిచేసే జాతీయ పరిశోధన సంస్థలు మూడూ అక్కడే ఉన్నాయి. విశ్వవిద్యాలయం వాళ్ళు ఏటా తెలుగులో వ్యవసాయ పంచాంగం అచ్చు వేస్తారు. అట్ట మీదే సంవత్సరం ఉంటుంది. ఏ పంట ఎప్పుడు వేయాలి, ఏ రకం వేయాలి, ఏ తెగులుకు ఏం చేయాలి అన్నవి అందులో ఉంటాయి. నా మటుకు పది వీడియోల కన్నా ఆ ఒక్క పుస్తకం మేలు. వీడియోలో మోతాదు మరిచిపోతే మళ్ళీ మొదటి నుంచి చూడాలి. పుస్తకంలో పేజీ మడత పెట్టుకుంటే చాలు.

అంత దూరం పోలేని రోజున ఫోనే మనిషిని కలుపుతుంది. 1800-180-1551. ఇది కిసాన్ కాల్ సెంటర్ నంబరు. 2004లో మొదలైంది. పైసా ఖర్చు లేదు. పొద్దున 6 గంటల నుంచి రాత్రి 10 గంటల దాకా తెలుగులో మాట్లాడతారు. ఊళ్ళ దగ్గర రైతు వేదికల్లో వ్యవసాయ విస్తరణ అధికారిని కూడా అడగవచ్చు. వాళ్ళకైతే తెగులు తగిలిన ఆకునే తెచ్చి చూపించవచ్చు.

ఫోను చేసే ముందు ఒక కాగితం మీద కొన్ని మాటలు రాసి పెట్టుకోండి. లేకపోతే అవతలివాళ్ళు అడిగినప్పుడు తడబడతాం. పంట పేరు, సంచి మీద ఉన్న రకం పేరు రాయండి. విత్తి ఎన్ని రోజులైందో, నేల ఏ రంగో రాయండి. ఆకు పైన మచ్చా, కింద మచ్చా చూసి రాయండి. ఇంతకు ముందు ఏ మందు కొట్టారో, ఏ తేదీన కొట్టారో కూడా రాయండి. ఇదిగో, ఇలా:

టమాటా. నాటి 40 రోజులు. ఎర్ర చెలక, అరెకరం. ఆకులు పైకి ముడుచుకుంటున్నాయి. ఆకు కింద తెల్ల దోమ ఉంది. ఇంకా ఏ మందూ కొట్టలేదు.

వాళ్ళు చెప్పిన జవాబును అదే కాగితం కింద రాసుకోండి. మందు పేరు చెబితే అక్షరం అక్షరం చెప్పమనండి. మోతాదును రెండు సార్లు చెప్పించుకోండి. పైన ఆ రోజు తేదీ వేయండి.