పియానో శ్రుతి పరీక్ష

తంబురా శ్రుతి చేయడం మనలో చాలామందికి తెలిసిన పనే. స, ప చక్కగా కలిశాయా, పని అయిపోయినట్లే. పియానో సంగతి అలా కాదండీ. దానికి 88 మెట్లు, 200 పైచిలుకు తీగలు.

అమెరికాలో పియానో టెక్నీషియన్స్ గిల్డ్ అనే సంఘం ఈ పనివారికి మూడు పరీక్షలు పెడుతుంది. రాత పరీక్ష ఒకటి, మరమ్మతు పని ఒకటి, శ్రుతి ఒకటి. ప్రతిదానిలోనూ 80 శాతం రావాలి. శ్రుతి పరీక్షకు ముందు అనుభవజ్ఞులు కొందరు కలిసి పియానో శ్రుతి చేసి, కొలతలు రాసుకుంటారు. తర్వాత దాన్ని కావాలనే చెడగొట్టి అభ్యర్థికి అప్పగిస్తారు. ఆ కొలతలకు ఎంత దగ్గరగా వస్తే అన్ని మార్కులు.

మరి కష్టమెక్కడ అంటారా? ఏ స్వరాన్ని ఆధారం చేసుకున్నా పాట పలకాలంటే పంచమాన్ని పూర్తిగా కలపకూడదు, వెంట్రుకవాసి తగ్గించాలి. అరస్వరాన్ని 100 సెంట్లు అనుకుంటే ఈ తగ్గింపు 2 సెంట్లే! అంతర గాంధారాన్ని సుమారు 14 సెంట్లు హెచ్చించాలి. అప్పుడు రెండు స్వరాలూ కలిసి మోగితే ధ్వని అలలుగా ఊగుతుంది. మధ్యస్థాయికి కాస్త కింద ఉన్న ఎఫ్, ఏ మెట్లు కలిపి నొక్కితే సెకనుకు సుమారు 7 అలలు. వాటిని చెవితో పోల్చుకోవడమే అసలు సాధన. ఒకే మెట్టుకున్న మూడు తీగల మధ్య మాత్రం అల అనేదే ఉండరాదు.

మీ అమ్మాయిలెవరైనా ఈ విద్యకు పూనుకుంటే, తంబురా సాధన మాత్రం మానవద్దని చెప్పండి. నిండుగా కలిసిన శ్రుతి ఎరిగిన చెవికే, దాన్ని ఎంత సడలించాలో తెలుస్తుంది.